రెండు పలుచని పొరల వెలుగు

బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండ మీకు తెలుసు కదా! నాఫ్తలీన్‌తో చేసిన అటువంటి ఉండను బ్యాటరీకీ, బల్బుకూ మధ్య తీగలతో కలిపితే బల్బు వెలుగుతుందా? వెలగదు. నాఫ్తలీన్, మైనం, చక్కెర వంటి కర్బన సమ్మేళనాలు విద్యుత్తును దాదాపు పోనివ్వవు. తీగలపై తొడుగుగా ప్లాస్టిక్‌ను వాడేది కూడా అందుకే. అయితే ఈనాడు ఎన్నో సెల్‌ఫోన్ల తెరలలో వెలుగునిస్తున్నవి కర్బన సమ్మేళనాలే! ఇది ఎలా సాధ్యమయిందో చూద్దాం.

నాఫ్తలీన్ అణువులో రెండు వలయాలుంటాయి. ఆంథ్రసీన్ అణువులో అటువంటివే మూడు ఉంటాయి. 1963లో అమెరికాలో మార్టిన్ పోప్, ఆయన సహచరులు ఆంథ్రసీన్ స్ఫటికానికి విద్యుత్తునిచ్చి వెలుగు రాబట్టారు. కాని అందుకు సుమారు 400 వోల్టులు కావలసి వచ్చింది. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తే 230 వోల్టులు. చిన్న బ్యాటరీతో నడిచే పరికరానికి అది ఏం పనికివస్తుంది?

ఈ చిక్కును విడదీసినవారు చింగ్ టాంగ్. ఆయన 1947లో హాంకాంగ్‌లో పుట్టారు. 1975లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ కొడాక్ పరిశోధనశాలలో చేరారు. రెండు వేర్వేరు కర్బన పదార్థాలను పొరలుగా పరచి, సూర్యరశ్మిలో సుమారు 1 శాతం శక్తిని విద్యుత్తుగా మార్చే ఘటాన్ని తయారుచేసి, ఆ ఫలితాన్ని 1986లో ప్రకటించారు. సహచరుడు స్టీవెన్ వాన్ స్లైక్‌తో కలిసి, విద్యుత్తునుంచి వెలుగు పుట్టించడానికీ రెండు పొరల ఉపాయాన్నే వాడారు. ఆ ఫలితం 1987లో వెలువడింది.

రెండు గుంపులు కలిసే చోటు

తరగతిలో ముందు బెంచీలో ఒక చోటు ఖాళీ అయిందనుకోండి. వెనుకవాడు ముందుకు జరుగుతాడు. వాడి చోటులోకి వాడి వెనుకవాడు వస్తాడు. పిల్లలు ముందుకు కదిలితే, ఖాళీ వెనక్కు నడిచినట్లు కనిపిస్తుంది. పదార్థంలో ఎలక్ట్రాను లేని ఖాళీ కూడా ఇలాగే కదులుతుంది. దానిని రంధ్రం అంటారు. ఋణధ్రువం నుంచి వచ్చిన ఎలక్ట్రాను ధనధ్రువం నుంచి వచ్చిన రంధ్రంలో పడినప్పుడు, దాని అదనపు శక్తి వెలుగుగా బయటపడగలదు.

ఒకే పొర ఉంటే ఒక చిక్కున్నది. రెండు గుంపులలో ఒకటి వేగంగా నడిచి, రెండవదాన్ని కలవకుండానే అవతలి ధ్రువం చేరిపోతుంది. అప్పుడు విద్యుత్తు ఖర్చవుతుంది గాని వెలుగు అంతగా రాదు. టాంగ్ వాడిన మొదటి పొర డయమీను. అది రంధ్రాలకు దారి ఇచ్చి, ఎలక్ట్రానులను అడ్డుకుంటుంది. రెండవ పొరలో ఒక్కొక్క అల్యూమినియం పరమాణువుకు మూడు కర్బన భాగాలు అతికి ఉంటాయి. అది ఎలక్ట్రానులకు దారి. అందువల్ల రెండు గుంపులూ పొరల సరిహద్దు దగ్గర కలుసుకోక తప్పదు. అక్కడ పచ్చని వెలుగు పుట్టింది. అడుగున ఉన్న ధనధ్రువం పారదర్శకమైనది కనుక ఆ వెలుగు గాజు గుండా బయటకు వచ్చింది.

పలుచదనం ఎందుకు?

పోప్‌కు వందల వోల్టులు కావలసి వస్తే, టాంగ్‌కు 10 వోల్టులకన్నా తక్కువే చాలాయి. వోల్టేజిని మందంతో భాగిస్తే విద్యుత్ క్షేత్ర తీవ్రత వస్తుందని చదువుకున్నారు కదా! టాంగ్ పరచిన రెండు పొరల మొత్తం మందం 135 నానోమీటర్లు. అంటే తల వెంట్రుక మందంలో దాదాపు 500వ వంతు! మందం తగ్గిన కొద్దీ తక్కువ వోల్టులతోనే ఎక్కువ తీవ్రత లభిస్తుంది.

ఇంత పలుచని పొరను ఎలా పరిచారు? ప్రయోగశాలలో పింగాణీ గిన్నెపై గరాటు బోర్లించి మీరు చేసే ఉత్పతనం వంటిదే ఈ పద్ధతి. శూన్యంలో పదార్థాన్ని వేడిచేస్తే ఆవిరి లేచి, పైనున్న గాజు పలకపై పేరుకుంటుంది.

1997లో జపాన్‌లోని పయొనీర్ కంపెనీ ఇటువంటి తెరను కారు స్టీరియోలో అమర్చింది. 2007లో సోనీ 11 అంగుళాల టెలివిజన్ తెచ్చింది. 2019లో టాంగ్‌కు క్యోటో బహుమతి లభించింది.

ఇంకా మిగిలిన చిక్కు

తేమ, ఆక్సిజన్ తగిలితే ఈ పొరలు చెడిపోతాయి. అందుకే గాలి చొరకుండా మూసివేస్తారు. నీలి వెలుగునిచ్చే పదార్థాలు మిగతా రంగులవాటికంటే త్వరగా క్షీణిస్తాయి. నీలి కాంతి కణానికి శక్తి ఎక్కువ. అంత శక్తిని మాటిమాటికీ భరించడం అణువుల బంధాలకు కష్టం. దీర్ఘకాలం మన్నే నీలి పదార్థం కోసం శాస్త్రజ్ఞులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. రేపు మీలో ఎవరైనా ఆ వెతుకులాటలో చేరవచ్చు.

మీరే చేసి చూడండి

1. చీకటి గదిలో ఫోను తెరపై పూర్తిగా నల్లని బొమ్మ పెట్టి, వెలుగును బాగా పెంచండి. తెర బూడిదరంగులో మసకగా వెలిగితే దాని వెనుక దీపం ఉన్నట్లు. తెర చీకటిలో కలిసిపోతే అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకమన్నమాట.

2. 135 నానోమీటర్ల పొరకు 10 వోల్టులు ఇచ్చారు. 10 మైక్రోమీటర్ల పొరలో అంతే తీవ్రత కావాలంటే ఎన్ని వోల్టులు ఇవ్వాలి? లెక్క చేయండి. సుమారు 740 రావాలి. పోప్‌కు వందల వోల్టులు ఎందుకు అవసరమయ్యాయో ఈ లెక్కే చెబుతుంది.