పసివాళ్ల నొప్పికి అంకె వేయగలరా?

ఇంటర్ బైపీసీ అయిపోగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లల్లో వినపడే మాటలు మనకు తెలిసినవే. నీట్‌లో సీటొస్తే డాక్టరు, రాకపోతే నర్సింగ్, ఆ తర్వాత గల్ఫ్. నర్సింగ్ చదివాక ఏ పనిలో చేయి తిరగాలి అని మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సింది అదే. పేరు పెద్దగా వినపడకపోయినా వార్డులో ఎంతో విలువున్న పని ఒకటుంది. కాలిన గాయాలతో వచ్చిన, మాటలింకా సరిగా రాని పిల్లలకు నొప్పి ఎంత ఉందో కొలవడం.

పెద్దవాళ్లయితే సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే చెప్తారు. రెండేళ్ల పిల్ల ఏం చెప్తుంది? చిన్నపిల్లల్లో కాలిన గాయాలు ఎక్కువగా వేడి నీళ్లు, చాయ్, చారు మీద పడి అయ్యేవే. మంచంలో కదలకుండా పడుకున్నప్పుడు ఉండే నొప్పి ఒకటి, కట్టు విప్పేటప్పుడు లేచే నొప్పి ఇంకొకటి. రెండింటికీ మందు ఒకటి కాదు, మోతాదూ ఒకటి కాదు. నొప్పి ఎంతో రాసి పెట్టకపోతే డాక్టరు అంచనా మీదే మందు రాయాలి.

పసికందులకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకం 1980ల దాకా పెద్ద పెద్ద ఆసుపత్రుల్లోనూ ఉండేది. అప్పుడే పుట్టిన శిశువులకు చాలినంత మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. ఇందోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన కె.జె.ఎస్. ఆనంద్ 1987లో ప్రచురించిన పరిశోధనలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. దాని తర్వాత వచ్చిన కొలమానాల్లో నర్సింగ్ విద్యార్థి ముందుగా నేర్చుకోవాల్సింది ఫ్లాక్. అమెరికాలోని మిషిగన్‌లో తయారై 1997లో వెలువడింది. రెండు నెలల నుంచి ఏడేళ్ల దాకా పిల్లలకు వాడతారు. చూడాల్సినవి ఐదు: ముఖం, కాళ్లు, ఒంటి కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకునే తీరు. ఒక్కోదానికి 0, 1 లేదా 2. మొత్తం పది.

ఒక ఉదాహరణ చూద్దాం. చాయ్ పడి ఛాతీ కాలిన రెండేళ్ల పాప. కట్టు విప్పకముందే అప్పుడప్పుడు మొహం చిట్లిస్తోంది, 1. కాళ్లు ఒకచోట ఉంచడం లేదు, 1. అటూ ఇటూ మెసులుతోంది, 1. సన్నగా మూలుగుతోంది, 1. తల్లి ఒళ్లోకి తీసుకుంటే కాస్త ఊరుకుంటోంది, 1. మొత్తం 5, అంటే మధ్యస్థం. పుండుకు అంటుకున్న గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి తీస్తున్నప్పుడు గడ్డం వణికింది, కాళ్లు పొట్టలోకి ముడుచుకుంది, ఒళ్లు విల్లులా వంచి కేక పెట్టింది, తల్లి చెయ్యి తగిలితే మాత్రం కాస్త తగ్గుతోంది. ఇప్పుడు 9. ఏడు, ఆపైన ఎంతైనా తీవ్రమే. అక్కడ ఆగి డాక్టరుకు చెప్పాలి. మందు పనిచేసే వేళకు మళ్లీ చూసి మళ్లీ రాయాలి. రెండో అంకె లేని చార్టు సగం చార్టే.

చిక్కులూ ఉన్నాయి. మొహం మీద కట్టుంటే, కళ్లు వాచి మూసుకుపోతే ముఖానికి అంకె ఎలా వేస్తారు? తెల్లకోటు కనపడగానే ఏడ్చే పిల్లది నొప్పా, భయమా? అన్నిటికన్నా మోసం చేసేది మౌనం. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పిల్లను "బుద్ధిమంతురాలు, గోల చేయదు" అని మెచ్చుకుంటూ పక్క మంచానికి వెళ్లిపోవడం మన వార్డుల్లో మామూలే. అందుకే దుప్పటి తీసి, కాళ్లు కనిపించేలా కనీసం రెండు నిమిషాలు నిలబడి చూడమంటారు.

మూడేళ్లు దాటిన పిల్లలకు ఆరు ముఖాల బొమ్మ చూపిస్తారు, నవ్వు నుంచి కన్నీళ్ల దాకా. ఈ వాంగ్–బేకర్ బొమ్మల పుట్టిల్లు కూడా కాలిన పిల్లల వార్డే. అమెరికాలోని టల్సాలో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు 1980ల్లో అక్కడి పిల్లల చేతే ముఖాలు గీయించి దీన్ని రూపొందించారు. డాక్టర్లు కాదు, గమనించండి.

మన ప్రాంతంలో ఈ పనికి ఇంకో అవసరం ఉంది. కోరుట్ల నుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. పెద్ద గాయమైతే బిడ్డ ఉస్మానియాకో గాంధీకో చేరేసరికి గంటలు గడుస్తాయి. రిఫరల్ చీటీలో "నొప్పి 8, ఫలానా మందు ఇంత, ఇన్ని గంటలకు, తర్వాత 4" అని ఒక్క వరుస ఉంటే అక్కడివాళ్లు ముందు ఏమిచ్చారోనని తడుముకోనక్కర్లేదు. ఆ వరుస రాయాల్సింది ఇక్కడి నర్సే. (పూసుకొచ్చిన పసుపు, టూత్‌పేస్టు సంగతీ అందులో రాయండి. పసుపు పండే సీమలో అది తప్పదు. కాలిన వెంటనే చేయాల్సింది మాత్రం 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచడమే.)

ఇక దారి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలతో ఇంటర్ ఉండాలి. రాష్ట్రంలో ప్రవేశాలు ఈఏపీసెట్ ర్యాంకుతో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా. జీఎన్ఎం మూడేళ్లు, ఆర్ట్స్ విద్యార్థులకూ వీలుంది. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీలో పిల్లల నర్సింగ్ రెండేళ్లు. నొప్పి కొలతే థీసిస్‌గా తీసుకోవచ్చు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి కాబట్టి వార్డు అనుభవానికి ఊరు దాటాల్సిన పని తగ్గింది. సర్కారు కొలువంటే వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి పరీక్ష. 2024 సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. మూల వేతన శ్రేణి రూ. 36,750 నుంచి మొదలు. ఎయిమ్స్‌లో కొలువుకు నార్సెట్ అనే పరీక్ష వేరే. ఫిజియోథెరపీ, అనస్థీషియా టెక్నాలజీ వాళ్లకూ ఈ కొలత పనికొస్తుంది.

సాధనకు బర్న్స్ వార్డు దాకా ఆగక్కర్లేదు. బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు కదా, సిస్టర్ అనుమతి అడిగి ఒక స్నేహితురాలితో కలిసి ఓ మూల నిలబడండి. సూదికి ముందు, గుచ్చినప్పుడు, రెండు నిమిషాల తర్వాత ఇద్దరూ విడివిడిగా అంకెలు వేయండి, ఒకరిది ఒకరు చూడకుండా. తర్వాత సరిచూస్తే మొదటివారం ఏడుపు దగ్గర కలుస్తారు, కాళ్ల దగ్గర తేడా వస్తుంది. అందరూ ముఖమే చూస్తారు మరి. రెండోవారం ఒకరు కాళ్లే చూడండి.