బొమ్మ జింకను చూసి బెదిరిపోతున్నాయి!

ప్రశ్న: మాది కొండాపూర్. హైటెక్ సిటీలోని మా కంపెనీ తరఫున ఒహాయో వచ్చాను. లైసెన్సు తీసుకుని విల్లుతో జింకల వేట మొదలుపెట్టాను. బొమ్మ జింకను ఎరగా పెడితే అసలువి బెదిరి పారిపోతున్నాయి. ఎందుకని?

జవాబు: ముందు అనుమానించాల్సింది వాసననే. మీ చేతి వాసన బొమ్మకు అంటితే తెల్లతోక జింక దరిదాపులకు రాదు. రబ్బరు గ్లవ్స్ లేకుండా దాన్ని ముట్టుకోకండి.

తర్వాత గాలి. మగ జింక నేరుగా రాదు. గాలివాలుకు చుట్టు తిరిగి, వాసన పట్టి మరీ వస్తుంది. అందుకే బొమ్మను గాలి వచ్చే వైపు, మీకు 15–20 గజాల్లో నిలబెట్టండి. అప్పుడు జింక మీకూ బొమ్మకూ మధ్యగా నడిచే అవకాశం ఎక్కువ. మగ బొమ్మకు మొహం మీవైపు ఉండాలి, పోటీకొచ్చేది ఎదురుగా వెళ్లి నిలుస్తుంది కాబట్టి. ఆడ బొమ్మకైతే తోక మీవైపు. పొదల్లో పెట్టకండి, హఠాత్తుగా కనబడితే ఏ జింకైనా ఉలిక్కిపడుతుంది. దూరం నుంచే కనిపించే పొలం అంచు మంచిది. నవంబరు మొదట్లో, జతకట్టే రోజుల్లో ఫలితం బాగుంటుంది.

మోసుకెళ్లేటప్పుడు బొమ్మకు నారింజ రంగు గుడ్డ చుట్టి తీరాలి. తుపాకీ సీజన్లో దాన్ని బయటికే తీయకండి. నిజం జింకనుకుని ఎవరైనా కాల్చొచ్చు, ప్రాణాలతో పని.

ఇంటికొచ్చాక హైదరాబాద్ యూనివర్సిటీ ఆవరణలోని చుక్కల దుప్పులను చూసి చేతులు దురదపెట్టినా కెమెరాయే పట్టండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వాటి వేట నేరం.

ఇక ఒహాయోలో బాణం తగిలిన జింక జాడ దొరక్కపోతే ఒంటరిగా తిరగొద్దు. అక్కడి వైల్డ్‌లైఫ్ ఆఫీసర్‌కు వెంటనే ఫోన్ చేయండి.