దాఖలు, హాజరు: అమెరికాలో విదేశీ విద్యార్థుల కోర్సుల లెక్క

‘దాఖలు’, ‘హాజరు’ అనే మాటలు రెండూ అరబ్బీలో పుట్టి, ఉర్దూ ద్వారా మన కచేరీలలోనికి, కళాశాలలలోనికి వచ్చి తెలుగు మాటలుగానే స్థిరపడినవి. మొదటిదానికి లోనికి ప్రవేశించుట అనియు, రెండవదానికి ఎదుట ఉండుట అనియు మూలార్థం. రిజిస్టరులో పేరు ఎక్కితే దాఖలు. పేరు పిలిచినప్పుడు బెంచీపై ఉంటే హాజరు. మన కళాశాలలలో ఈ రెండింటి నడుమ కొంత సడలింపు కలదు. హాజరు 75 శాతానికి తగ్గితే వైద్యుని ధ్రువపత్రమో, కాండొనేషన్ రుసుమో ఆదుకోవచ్చు. అమెరికాకు వెళ్ళే విద్యార్థి విషయం వేరు. అక్కడి ఆచార్యుడు తరగతిలో పేర్లు పిలవకపోవచ్చు. కాని ఆ విద్యార్థి చేరిన కోర్సులలో తరగతి గదిలో జరిగేవి ఎన్ని, కంప్యూటరు తెరపై జరిగేవి ఎన్ని అనే లెక్కను బట్టి ఆ దేశంలో అతడు ఉండే హక్కే నిలుస్తుంది, లేదా పోతుంది.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. అందులో తెలుగువారి పాలు పెద్దదని వేరుగా చెప్పనక్కరలేదు. వీరిలో అత్యధికులు వెళ్ళేది ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై. కావున ఆ వీసాకు సంబంధించిన నిబంధననే ఇక్కడ పరిశీలిద్దాం.

ఎఫ్-1 విద్యార్థి ప్రతి సెమిస్టరులోను ‘పూర్తి చదువు’ చదవాలి. డిగ్రీ స్థాయిలో అనగా కనీసం 12 క్రెడిట్లు. ఎం.ఎస్. వంటి పై చదువులకు ఎన్ని క్రెడిట్లన్నది ఆయా విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. పెక్కు చోట్ల అది 9. ఈ పూర్తి చదువు లెక్కలోనికి ఒక సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అనగా 3 క్రెడిట్లు మాత్రమే వస్తాయి. తక్కినవన్నీ తరగతి గదిలోనివి కావాలి. ఆంగ్ల భాషా శిక్షణకు వెళ్ళినవారికి, ఎం-1 వీసాపై వృత్తి విద్యకు వెళ్ళినవారికి ఆ ఒక్కటి కూడా లెక్కకు రాదు.

ఈ నిబంధనను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. ఒకటికి మించి ఆన్‌లైన్ కోర్సు తీసుకొనుట నేరమని కొందరు, ఎన్ని తీసుకొన్నా మొత్తం 9 అయితే చాలునని మరికొందరు భావిస్తారు. రెండూ సరి కావు. 9 క్రెడిట్లు అవసరమైన ఒక ఎం.ఎస్. విద్యార్థిని తీసుకుందాం. అతడు తరగతిలో రెండు, ఆన్‌లైన్‌లో ఒకటి, ఒక్కొక్కటి 3 క్రెడిట్ల చొప్పున చేరితే లెక్క సరిపోయింది. ఆపైన కోరుకుంటే మరొక ఆన్‌లైన్ కోర్సు కూడా చేరవచ్చు. అది అదనం, దానికి నిషేధం లేదు. ఇప్పుడు సెమిస్టరు నడుమ తరగతిలోని ఒక కోర్సు కఠినంగా ఉన్నదని దానిని వదులుకున్నాడనుకుందాం. అతని చేతిలో ఇంకా మూడు కోర్సులు, 9 క్రెడిట్లు ఉన్నవి. ఫీజు కట్టినాడు, విశ్వవిద్యాలయపు పత్రంలో పూర్తికాల విద్యార్థిగానే కనిపిస్తున్నాడు. కాని నిబంధన లెక్కలో అతనికి ఉన్నవి తరగతిలోని 3, ఆన్‌లైన్‌లోని 3, వెరసి 6 మాత్రమే. కోర్సును వదులుకొనడానికి ఒక్క మీట నొక్కితే చాలు. ఆ మీట నొక్కకుండా కంప్యూటరు అతనిని ఆపదు. దాఖలు నిండుగా ఉండగా హాజరులో లోటు ఏర్పడుట ఈ విధంగానే.

ఏది ఆన్‌లైన్ కోర్సు అన్న ప్రశ్న కూడా కలదు. తరగతికి గాని, పరీక్షకు గాని, కోర్సు పూర్తికి అవసరమైన మరే పనికి గాని విద్యార్థి స్వయంగా రానక్కరలేనిది ఆన్‌లైన్ కోర్సు అని నిబంధన సారాంశం. కొంత తెరపై, కొంత గదిలో జరిగే మిశ్రమ కోర్సులను ఏ జాబితాలో చేర్చారో విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో ముందుగా అడిగి, జవాబును లిఖితపూర్వకంగా తీసుకొనుట మేలు. ఆ నిర్వచనంలో టెలివిజను, కేబులు, ఉపగ్రహ ప్రసారాల ప్రస్తావన చూస్తే 1984లో దూరదర్శన్‌లో మొదలైన యూజీసీ పాఠాలు జ్ఞాపకం రాక మానవు. దూరవిద్య పట్ల చిన్నచూపు ఈ నిబంధనకు కారణం కాదు. దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలసింది గనుక, దూరవిద్య విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంట కూర్చొని చదువగల చదువుకు వీసా ఎందుకు అన్నదే అక్కడి ప్రభుత్వ వాదన.

ఆ వాదనకు ఒక చరిత్ర ఉన్నది. 2001 సెప్టెంబరు 11 దాడులలో పాల్గొన్నవారిలో ఒకడు ఆంగ్ల భాషా పాఠశాలలో చేరతానని విద్యార్థి వీసాపై వచ్చి, ఆ పాఠశాల గడప తొక్కనే లేదు. దాడుల పిమ్మట విదేశీ విద్యార్థులందరి వివరాలను నమోదు చేసే ‘సెవిస్’ అనే కేంద్ర పట్టిక అమలులోనికి వచ్చినది. ఆన్‌లైన్ కోర్సుల పరిమితి 2002 డిసెంబరులో ప్రకటింపబడి 2003 జనవరి నుండి అమలైనది. ఒకడు చేసిన దానికి లక్షలమంది క్రెడిట్లు లెక్కపెట్టుకొనవలసి రావడం న్యాయమా అని అడగవచ్చు. అడిగినంత మాత్రాన నిబంధన మారదు.

అది ఒక్కసారి మాత్రం సడలినది. 2020 మార్చిలో కరోనా వలన తరగతులు మూతపడగా, అప్పటికే చదువుతున్నవారు పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివినా హోదా పోదని ప్రకటించారు. జూలై 6న ప్రభుత్వం మాట మార్చి, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవారు దేశం విడిచి వెళ్ళాలన్నది. జూలై 8న హార్వర్డ్, ఎం.ఐ.టి. సంస్థలు న్యాయస్థానాన్ని ఆశ్రయించినవి. జూలై 14న ప్రభుత్వం తన ఆజ్ఞను వెనుకకు తీసుకొన్నది. ఆ ఎనిమిది రోజులు ఇక్కడి తల్లిదండ్రులకు నిద్ర లేకుండా చేసినవి. ఆ సడలింపు 2023 మే నెలలో ముగిసింది. ఇప్పుడు మళ్ళీ పాత లెక్కే.

మన పిల్లలకు ఈ లెక్క తప్పినందువలన జరిగిన నష్టాలు వార్తలలో చదివినవే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అధికారులు మూయించినప్పుడు, అక్కడ నమోదైనవారిలో అధికులు ఆంధ్రప్రదేశ్‌వారు. సగానికి పైగా విద్యార్థులు ఒకే అపార్టుమెంటులో నివసిస్తున్నట్లు పత్రాలలో చూపినారు. కొందరు విద్యార్థుల కాళ్ళకు నిఘా పట్టీలు కట్టగా, మన దేశం అభ్యంతరం తెలిపినది. సంస్థ నడిపిన ఆమెకు 2014లో పదహారేళ్ళకు మించిన శిక్ష పడినది. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ ఉదంతం మరీ విచిత్రం. ఆ విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వ అధికారులే వలగా పన్నినారు. అక్కడ పాఠాలు గదిలోనూ లేవు, తెరపైనా లేవు. చిక్కినవారిలో తెలుగువారు అనేకులు. అందరూ తెలిసి చేరినారని గాని, అందరూ అమాయకులని గాని అనలేము. రెండు చోట్లా దాఖలాను రుసుముకు అమ్మినారన్నది మాత్రం నిజం.

నిబంధనలో మినహాయింపులు లేకపోలేదు. భాషా ఇబ్బంది, బోధనా పద్ధతి కొత్తదనం, తగని స్థాయి కోర్సులో పడుట వంటి కారణాలతో ఒక చదువు స్థాయిలో ఒక్కసారి భారాన్ని సగం వరకు తగ్గించుకోవచ్చు. అనారోగ్యానికి వైద్యుని పత్రంపై మొత్తం పన్నెండు నెలలకు మించకుండా తగ్గింపు, అవసరమైతే పూర్తి విరామం కూడా లభిస్తుంది. అన్నింటికీ షరతు ఒక్కటే: విశ్వవిద్యాలయంలోని అధీకృత అధికారి, అనగా డి.ఎస్.ఓ. అనుమతిని కోర్సు వదలక ముందే పొందాలి. వదిలిన తరువాత పొందే అనుమతి మన కాండొనేషన్ వంటిది. అది అక్కడ చెల్లదు.

చివరి సెమిస్టరులో మిగిలినన్ని క్రెడిట్లు చదివితే చాలు, దీనికి కూడా ముందస్తు అనుమతి కావాలి. కాని మిగిలినది ఒక్క కోర్సే అయితే అది ఆన్‌లైన్‌ది కారాదు. చివరి కోర్సు కదా, ఇంటి వద్దనే ముగిద్దామని ఎందరో పొరబడే చోటు ఇదే.

హోదా పోయినవానికి పునరుద్ధరణ కోరే దారి ఒకటి ఉన్నది. సాధారణంగా అయిదు నెలలలోపు దరఖాస్తు చేయాలి. లోటు తన చేతిలో లేని కారణాల వలన కలిగినదని గాని, ముందుగా అడిగి ఉంటే డి.ఎస్.ఓ. అనుమతించదగిన తగ్గింపే అని గాని చూపాలి. దరఖాస్తు పరిశీలనలో ఉన్నంత కాలం చదువు సాగించాలి, ఉద్యోగం మాత్రం చేయరాదు.