అరబీ కోసం అమ్మాన్ దాకా

మన ఇళ్ళలో బిడ్డకు అయిదారేళ్ళు రాగానే ఖాయిదా చేతికిస్తాము. అలిఫ్, బే దగ్గర మొదలుపెట్టి, పదేళ్ళు నిండేసరికి ఖుర్ఆన్ ఒకసారి పూర్తి చేయిస్తాము. ఆ రోజు మిఠాయిలు పంచుతాము. ఇది మన పెద్దలు మనకిచ్చిన గొప్ప ఆస్తి. అయితే ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, 'ఇప్పుడు చదివిన దానిలో ఒక్క వాక్యానికి అర్థం చెప్పు' అని అడిగే ధైర్యం మనలో ఎంతమందికి ఉంది? అడిగితే వాడు తిరిగి మననే అడుగుతాడని భయం!

మా ఊరి మస్జిదులో ఇద్దరు ఒకే సఫ్‌లో నిలబడేవారు. ఒకరు హాఫిజ్ గారు. ఖుర్ఆన్ మొత్తం ఆయన గుండెలో ఉంది. కాని ఒక అరబ్బు అతిథి వచ్చి మంచినీళ్ళు అడిగితే ఆయనకు తెలియలేదు. రెండోవారు పదిహేనేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి వచ్చిన పెద్దమనిషి. అతిథితో ఆయన గలగలా మాట్లాడారు. కాని జుమా ఖుత్బా ఆయనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇద్దరికీ అరబీ వచ్చు, ఇద్దరికీ రాదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, ఇక ముందు చెప్పబోయేది తేలికగా బోధపడుతుంది.

అరబీ నేర్చుకోవడానికి పిల్లలను జోర్డాన్‌కో ఈజిప్టుకో పంపవచ్చునా అని ఇటీవల చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. మేము 2022 వేసవిలో అమ్మాన్ నగరంలో ఎనిమిది వారాలు చదివి వచ్చాము. అక్కడ మాకు దొరికిందేమిటో, దొరకనిదేమిటో దాచకుండా చెబుతాము.

అసలు మా ప్రయాణం రెండేళ్ళ ముందే జరగవలసింది. 2020 మార్చిలో కరోనా మహమ్మారి మూలంగా జోర్డాన్, ఈజిప్టు దేశాలు విమానాలు ఆపేశాయి. మన దేశమూ అదే నెల 23 నుండి అంతర్జాతీయ విమానాలను నిలిపివేసింది. మామూలు రాకపోకలు మళ్ళీ మొదలైంది 2022 మార్చి 27న. ఈ మధ్యకాలంలో పాఠాలన్నీ ఫోను తెర మీదికి వచ్చాయి. అమ్మాన్‌లో ఉదయం తొమ్మిదిన్నరకు ఉపాధ్యాయుడు సలాం చెబితే మనకు మధ్యాహ్నం పన్నెండు. అలా రెండేళ్ళు చదివి, మాకు సగం అరబీ వచ్చేసిందనే అనుకున్నాము.

తీరా అమ్మాన్ చేరి స్థాయి పరీక్ష రాస్తే, మేము అనుకున్న తరగతికి రెండు మెట్లు కింద కూర్చోబెట్టారు. సిగ్గుపడ్డాము. కారణం మా ఉపాధ్యాయిని మొదటి గంటలోనే పట్టుకున్నారు. ఖాఫ్‌తో పలికితే 'ఖల్బ్' అంటే హృదయం. కాఫ్‌తో పలికితే 'కల్బ్' అంటే కుక్క. ఫోను స్పీకరులో ఈ రెండూ మా చెవికి ఒకేలా వినిపించాయి. రెండేళ్ళపాటు ఒకేలా పలికాము, ఎవరూ ఆపలేదు. సీన్, సాద్, సే అక్షరాలను మూడింటినీ తెలుగు 'స' కిందే జమకట్టాము. నోరు ఎక్కడ మూసుకోవాలో, నాలుక ఎక్కడ తగలాలో ఎదుట మనిషి కూర్చుని చూపిస్తేనే తెలుస్తుంది. మన ఊరి మౌల్వీ సాబ్ బెత్తం పట్టుకుని చేయించింది అదే. ఆ విలువ మాకు పరాయి దేశంలో తెలిసింది.

ఎక్కడికి వెళతారు?

ఒకప్పుడు అరబీ విద్యార్థులు ఎక్కువగా వెళ్ళిన నగరాలలో డమాస్కస్ ఒకటి. 2011లో సిరియాలో అంతర్యుద్ధం మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది. అటు వెళ్ళవలసినవారు అమ్మాన్‌కు, కైరోకు మళ్ళారు. కైరోలో అల్ అజ్‌హర్ ఆధ్వర్యంలో అరబ్బేతరులకు భాష నేర్పే షేక్ జాయెద్ కేంద్రం ఉంది. అమ్మాన్‌లో జోర్డాన్ విశ్వవిద్యాలయానికి భాషా కేంద్రం ఉంది. ఇవి కాక ప్రైవేటు సంస్థలు ఎన్నో ఉన్నాయి. మదీనా ఇస్లామీ విశ్వవిద్యాలయంలో కూడా భాషా విభాగం ఉంది గాని, అక్కడ ప్రవేశం వేరే పద్ధతి, అది రెండు నెలల మాట కాదు.

ముమ్మర కోర్సు అంటే రోజుకు నాలుగు గంటలు తరగతి, ఇంటికి వచ్చాక మరో నాలుగు గంటలు చదువు. తరగతిలో అరబీ తప్ప మరో భాష ఎత్తకూడదని నియమం. మొదటివారం మేము తలనొప్పితో పడుకున్నాము. మూడోవారం ఒక రాత్రి కలలో ఎవరో అరబీలో తిట్టారు. ఆ తిట్టు అర్థమైనందుకు నిద్ర లేచి ఎంతో సంతోషించాము!

గుమ్మం దాటి వీధిలోకి వెళితే మాత్రం కథ మారిపోతుంది. పుస్తకంలోని భాష ఫుస్‌హా. ఖుర్ఆన్‌కు, హదీసుకు, ఖుత్బాకు, వార్తలకు అదే దగ్గర. వీధిలోని భాష ఆమ్మియా. 'నాకు కావాలి' అనడానికి ఫుస్‌హాలో 'ఉరీదు', అమ్మాన్‌లో 'బిద్దీ', కైరోలో 'ఆయిజ్'. 'ఏమిటి' అనడానికి ఫుస్‌హాలో 'మాజా', అమ్మాన్‌లో 'షూ', కైరోలో 'ఏహ్'. రొట్టెల దుకాణంలో మేము 'ఉరీదు ఖుబ్‌జన్' అన్నాము. దుకాణదారు నవ్వి, ప్రేమగా రెండు రొట్టెలు ఎక్కువ ఇచ్చాడు. మన కూరగాయల బండి దగ్గర ఎవరైనా నిలబడి 'అయ్యా, వంకాయలు కావలయును' అంటే మనకెలా ఉంటుందో అతనికీ అలాగే ఉండి ఉంటుంది. అందువల్ల, 'అరబ్బు దేశంలో ఉంటే చాలు, ఖుర్ఆన్ భాష దానంతట అదే వస్తుంది' అనే మాట నమ్మకండి. మా ఊరి కువైట్ పెద్దమనిషి అందుకు సాక్ష్యం. తరగతి, పుస్తకం, పట్టుదల లేకపోతే రాదు.

లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. ఇంగ్లీషు మాట్లాడేవారు అరబీలో ఉద్యోగానికి పనికివచ్చేంత పట్టు సాధించడానికి 88 వారాలు, 2,200 తరగతి గంటలు పడతాయని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. వారానికి ఇరవై గంటల చొప్పున మా ఎనిమిది వారాలకు వచ్చింది 160 గంటలు. అలాంటి వేసవులు పద్నాలుగు కావాలన్నమాట. బంగారం కుదువబెట్టి, రెండు నెలలకు పంపి, 'ఆలిమ్ అయి వస్తాడు' అని ఎదురుచూడడం ఆ బిడ్డకు అన్యాయం. ఖుర్ఆన్ అర్థం అందుకోవడానికి మాత్రం అంత అవసరం లేదు. దివ్యగ్రంథంలో ఉన్నవి దాదాపు 77 వేల పదాలు. వాటి ధాతువులు రెండు వేలకు లోపే. వచ్చినవే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

బయలుదేరే ముందు

మా అనుభవం ప్రకారం ఇంటి దగ్గర కనీసం ఒక ఏడాది చదివి వెళ్ళినవారే లాభపడ్డారు. అక్షరాలు, సులువైన వ్యాకరణం నేర్చుకోవడానికి విమానం టికెట్టు ఎందుకు? దీనికి మంచి సాధనం డాక్టర్ వి. అబ్దుర్రహీమ్ గారి మూడు భాగాల 'దురూసుల్ లుగతిల్ అరబియ్యా'. మదీనాలో దశాబ్దాలపాటు బోధించి, 2023లో అక్కడే కన్నుమూసిన ఆయన పుట్టింది మన పొరుగున తమిళనాడులోని వాణియంబాడిలో. అరబీ వ్యాకరణంలో అందరికీ గురువైన సీబవైహ్ కూడా అరబ్బు కాదు, పారశీకుడు. హదీసు పాఠంలో ఒక పదం తప్పు చదివి, గురువు సరిదిద్దినప్పుడు, 'ఇక నన్నెవరూ తప్పుపట్టలేనంతగా ఈ విద్య నేర్చుకుంటాను' అని పట్టుబట్టారని చరిత్రకారులు రాశారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) అయితే దైవప్రవక్త (స) ఆదేశించగా యూదుల లిపిని పదిహేను రోజుల్లోపే నేర్చుకున్నారు. ఆ మేధ మనకు లేకపోవచ్చు, ఆ తపన ఉంటే చాలు.

తెలుగువారి నోట అరబీ ఇదివరకే కొంత ఉంది కూడా. 'హాజరు', 'జవాబు', 'అసలు', 'నకలు', 'హక్కు', 'వసూలు', 'జిల్లా' ఇవన్నీ అరబీ నుండి వచ్చినవే. 'వసూల్' అంటే అరబీలో చేరుకోవడం. అప్పు మన చేతికి చేరితే మనకది 'వసూలు'. తరగతిలో మా పేరు పిలవగానే 'హాదిర్' అనేవాళ్ళం. చిన్నప్పుడు బడిలో హాజరు పట్టీ తెరిచిన మాస్టారు గుర్తొచ్చేవారు.

ఆడపిల్లల సంగతి చాలామంది నెమ్మదిగా అడుగుతారు. ఒంటరి ప్రయాణం గురించి మీ ఆలిములను సంప్రదించి నిర్ణయించుకోండి. అయితే కరోనా కాలం వారికొక తలుపు తెరిచి వెళ్ళింది. పిల్లలను బడికి పంపి, వంట ముగించి, కొంగు సర్దుకుని తరగతికి కూర్చునే తల్లులను మేము చూస్తున్నాము. వారు రెండు జాగ్రత్తలు తీసుకుంటే మేలు. ఫోనుకు బదులు మంచి ఇయర్‌ఫోను వాడాలి, వారానికి ఒకసారైనా తజ్వీద్ తెలిసిన ఒక ఆపాకు ఎదురుగా కూర్చుని వినిపించాలి. మేము చేసిన తప్పు వారికి జరగదు.

అమ్మాన్‌లో ఆరో వారం. అక్కడి హుసైనీ మస్జిదులో జుమాకు కూర్చున్నాము. ఖుత్బాలో సగం జారిపోయింది. మిగతా సగం మాత్రం నేరుగా లోపలికి వచ్చింది, మధ్యలో తర్జుమా చేసేవారు లేకుండా. అనాథల సొమ్ము గురించి ఆయన మాట్లాడారు. ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేసి చెప్పాము. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బాబూ, అత్తహియ్యాతులో మనం ఏమంటాము?" అని అడిగింది. అరవై ఏళ్ళుగా ఆమె రోజూ చదువుతున్నది అదే. ఒక్కొక్క పదం విడదీసి చెప్పాము. మనకూ, సజ్జనులైన దైవదాసులందరికీ అక్కడ శాంతి కోరుతున్నామని చెప్పినప్పుడు, "అందరికీనా?" అంది.

మర్నాడు ఆమే ఫోను చేసింది. కుశలం అడిగి, మాటల మధ్యలో, "రాత్రి ఇషా నమాజుకు కాస్త ఎక్కువ సేపు పట్టిందిరా" అంది.