బాటిల్ మీద పేటెంట్ నంబరు ఉంటే మైలేజీ పెరిగినట్టేనా?

న్యాయ సలహా

ప్రశ్న: మాది ధర్మపురి జిల్లా పాలక్కోడు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాకొక మినీ లారీ ఉంది. పాలక్కోడు మార్కెట్‌లో టమోటా లోడు వేసుకుని నేనే నడుపుకుంటాను. ఆ మధ్య ఫోనులో వీడియో చూసి, డీజిల్లో కలిపే మందు నాలుగు బాటిళ్లు తెప్పించాను. మైలేజీ 30 శాతం పెరుగుతుందనీ, అది పేటెంట్ పొందిన ఫార్ములా అనీ బాటిల్ మీద రాశారు. పోసి చూశాను, మైలేజీ ఎక్కడిది అక్కడే ఉంది. ఫోను చేస్తే, ‘గవర్నమెంటే పేటెంట్ ఇచ్చింది, లోపం మీ బండిలోనే ఉంది, మందు పనిచేయదంటే మీరే రుజువు చేసుకోండి’ అంటున్నారు. నా డబ్బు తిరిగొస్తుందా? ఇంకొకటి. మా మేనల్లుడు మెకానిక్. డీజిల్లో నీళ్లు చేరితే లైటు వెలిగే పరికరం ఒకటి తయారుచేశాడు. వాడికి పేటెంట్ వస్తుందా?

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలైనా రెంటికీ మూలం ఒక్కటే. పనిచేస్తుందని చెప్పినవాడే దాన్ని చూపించాలి. మీకు మందు అమ్మినవాళ్లకు ఈ నియమం ఎలా వర్తిస్తుందో, రేపు పరికరం అమ్మబోయే మీ మేనల్లుడికీ అలాగే వర్తిస్తుంది.

ముందు ‘మీరే రుజువు చేసుకోండి’ అన్న మాట చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులు ఏవో చెబుతుంది. ఒక వస్తువు పనితీరు గురించి గానీ, సామర్థ్యం గురించి గానీ, మన్నిక గురించి గానీ సరైన పరీక్ష జరపకుండా జనానికి హామీ ఇవ్వడం అందులో ఒకటి. ‘మేం పరీక్షించే హామీ ఇచ్చాం’ అని కంపెనీ వాదిస్తే, ఆ పరీక్ష జరిగిందని నిరూపించే భారం ఆ వాదన చేసినవాళ్ల మీదే ఉంటుందని అదే నిబంధన స్పష్టంగా అంటోంది. అంటే 30 శాతం ఎక్కడ కొలిచారో, ఏ ఇంజన్ మీద కొలిచారో, ఏ ల్యాబ్ నివేదిక ఇచ్చిందో వాళ్లే వినియోగదారుల కమిషన్ ముందు పెట్టాలి. అయితే మీరేమీ చూపక్కర్లేదని అనుకోకండి. వాళ్లు ఆ హామీ ఇచ్చారని, దాన్ని నమ్మి మీరు డబ్బు కట్టారని చూపించాల్సింది మీరే.

ఇక పేటెంట్ సంగతి. పేటెంట్ అంటే ప్రభుత్వం ఇచ్చే నాణ్యతా ముద్ర కాదు. ఒక ఆవిష్కరణను దాని యజమాని అనుమతి లేకుండా ఇతరులు తయారుచేయకుండా, అమ్మకుండా అడ్డుకునే హక్కు మాత్రమే అది. దరఖాస్తు చేసిన తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. పరీక్షాధికారి చూసేది అది కొత్తదా, ఆ రంగం తెలిసినవాడికి సులువుగా తట్టేదేనా, పరిశ్రమలో వాడదగ్గదా అన్న విషయాలు. మీ లారీలో పోసి కిలోమీటర్లు లెక్కపెట్టే పని ఆయనది కాదు. అంతెందుకు, అధికారి చేసిన పరిశీలన వల్ల ఆ పేటెంట్ చెల్లుబాటుకు కూడా హామీ ఇచ్చినట్టు కాదని పేటెంట్ల చట్టం 1970లోని సెక్షన్ 13(4) తేల్చి చెప్పింది. పేటెంట్ చెల్లుతుందనే పూచీ పడని ప్రభుత్వం, మందు పనిచేస్తుందని ఎలా పూచీ పడుతుంది?

అసలు వాళ్లకు పేటెంట్ ఉందా అన్నది మీరే చూడొచ్చు. బాటిల్ మీది నంబరు 12 అంకెలదైతే అది దరఖాస్తు నంబరే. మొదటి నాలుగు అంకెలు దరఖాస్తు పెట్టిన ఏడాది. ఐదో అంకె ఏ ఆఫీసులో పెట్టారో చెబుతుంది. అక్కడ 4 ఉంటే చెన్నై గిండీలోని పేటెంట్ ఆఫీసు. రుసుము కట్టిన ఎవరికైనా దరఖాస్తు నంబరు వస్తుంది, అది దొరికినంత మాత్రాన పేటెంట్ మంజూరైనట్టు కాదు. భారత పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. దరఖాస్తు పెండింగులో ఉందా, తిరస్కరించారా, మంజూరైందా అన్నది తెలుస్తుంది. మంజూరు కాకుండానే ‘పేటెంట్ పొందినది’ అని ముద్రిస్తే అది సెక్షన్ 120 కింద తప్పు. 2023 జన విశ్వాస్ చట్టంతో వచ్చిన సవరణ తర్వాత దానికి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

ఇంధనానికి మందు అమ్మడం ఈనాటి వ్యాపారం కాదు. 1970ల చమురు సంక్షోభం నాటి నుంచి మైలేజీ పెంచే పరికరాలు అమెరికాలో కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ వాటిలో వందకు పైగా పరిశీలించి, చెప్పుకోదగ్గంత మైలేజీ పెంచినది ఏదీ లేదని తేల్చింది. మన తమిళనాడులోనే 1996లో రాజపాళయం దగ్గరి రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు చేశానని ప్రకటిస్తే దేశమంతా ఆశగా చూసింది. శాస్త్రవేత్తల పరీక్షల్లో ఆ మాట నిలవలేదు. ఆ తర్వాత జరిగిన అమ్మకాల వ్యవహారం సీబీఐ కేసు దాకా వెళ్లింది.

నిజంగా పనిచేసినవీ లేకపోలేదు. 1921లో అమెరికాలో పరీక్షించి చూసిన సీసం సమ్మేళనం పెట్రోలు ఇంజన్లలో నాకింగ్‌ను ఆపింది, పేటెంట్లూ సంపాదించింది. అదే సీసం పొగలో కలిసి పిల్లల ఒంట్లోకి చేరింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి నాటికి గానీ ఆగలేదు. పనిచేయడం ఒకటి, హాని చేయకపోవడం ఇంకొకటి. పేటెంట్ కాగితం ఈ రెండింటిలో దేనికీ పూచీ కాదు.

మీరు ఇప్పుడు చేయాల్సినవి

ముందు వస్తువును కాపాడండి. మిగిలిన మందు ఉన్న బాటిల్, ఖాళీ బాటిళ్లు, అట్టపెట్టె, బిల్లు పారేయకండి. వీడియో, ఆన్‌లైన్ పేజీ రేపు మాయమైపోవచ్చు, ఇవాళే స్క్రీన్‌షాట్లు తీసి తేదీ కనబడేలా దాచండి. వాళ్లతో ఫోన్లో మాట్లాడిన సంగతులు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో మళ్లీ రాసి పంపితే అదే సాక్ష్యం అవుతుంది. మందు పోయక ముందు, పోశాక డీజిల్ బిల్లులు, మీటరు రీడింగులు ఉంటే ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఒక్క ట్రిప్పు లెక్క చాలదు. తొప్పూరు ఘాట్ ఎక్కిన రోజూ, చదును రోడ్డు మీద ఖాళీగా వచ్చిన రోజూ ఒక్కటి కావని అవతలి లాయరు తప్పకుండా అంటాడు.

తర్వాత లేబుల్ చూడండి. ప్యాక్ చేసిన వస్తువుల నియమాలు 2011 ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, ఏడాది, ఫిర్యాదులకు సంప్రదించే వివరాలు ఉండాలి. లేకపోతే అది తూనికలు కొలతల అధికారులకు చేసే విడి ఫిర్యాదు. తమిళనాడులో ఈ విభాగం కార్మిక శాఖ కింద పనిచేస్తుంది.

ఆపై కంపెనీకీ, అమ్మినవారికీ, ఆన్‌లైన్ వేదికకూ లిఖితపూర్వకంగా నోటీసు పంపండి. పరీక్ష నివేదిక నకలు ఇమ్మనీ, లేకపోతే డబ్బు తిరిగి చెల్లించమనీ గడువు పెట్టండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. చాలా తగాదాలు ఇక్కడే తెగిపోతాయి.

తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఢిల్లీలో ఉన్నా ముంబైలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, 2019 చట్టం తెచ్చిన పెద్ద సౌకర్యం ఇదే. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల దాకా రుసుము లేదు. రెండేళ్లలోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మందులో ఏముందో పరీక్ష చేస్తే తప్ప తేలదనుకుంటే, కమిషన్ శాంపిల్‌కు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. అందుకే మిగిలిన మందు పారేయకండి అన్నాను. పరీక్ష ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

‘నువ్వు లారీతో వ్యాపారం చేస్తున్నావు, వినియోగదారుడివి కాదు’ అని వాళ్లు అడ్డు తగలవచ్చు. బెదరకండి. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించదన్నది నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని వాడుకునేవాళ్లు వినియోగదారులే అని సెక్షన్ 2(7) వివరణలో ఉంది. మీ బండి మీరే నడుపుకుంటున్నారు, ఆ మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి. ముప్పై లారీల ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి ఈ దారి దొరకడం కష్టం, వాళ్లు సివిల్ కోర్టు చూసుకోవాలి.

మీలాగే చాలామంది మోసపోయారని తెలిస్తే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయండి. తప్పుదారి పట్టించే ప్రకటనను అది ఆపించగలదు. తయారీదారు మీదా, ప్రచారం చేసినవారి మీదా 10 లక్షల దాకా, మళ్లీ అదే పని చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు.

ఇలాంటి మందులకు ఇప్పుడు గిరాకీ ఎందుకు పెరిగిందంటే, పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిసింది. దాని వల్ల మైలేజీ కొంత తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ భయాన్ని సొమ్ము చేసుకోవడానికి ‘ఇథనాల్ రక్షణ’ బాటిళ్లు దిగాయి. కొనే ముందు ఒకే ప్రశ్న వేయండి: మీ ల్యాబ్ నివేదిక ఏది?

బంకులో మీ హక్కులు

డబ్బిచ్చి మందు కొనే ముందు, డబ్బిచ్చి కొంటున్న ఇంధనం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం మేలు. బంకులో అధికారిక ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి. అడిగితే దాంట్లో పోసి చూపాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా దాకా అనుమతి ఉంది, అంతకు మించి తగ్గితే ఫిర్యాదు చేయండి. పెట్రోలు అయితే ఫిల్టర్ పేపరు అడగండి. నాజిల్ మొన తుడిచి ఒక్క చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆవిరవ్వాలి. నల్లటి మరకో నూనె మరకో మిగిలితే అనుమానించాలి. సాంద్రత కొలిచి, ట్యాంకరు వచ్చినప్పుడు రిజిస్టరులో రాసిన అంకెతో పోల్చి చూపమనండి. 15 డిగ్రీలకు సవరించాక ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు. మీరు ఇంటికి తెచ్చుకున్న క్యాన్‌లోని శాంపిల్ సాక్ష్యంగా అంతగా నిలవదు. బంకు ఫిర్యాదుల పుస్తకంలో రాసి, ఆయిల్ కంపెనీకీ జిల్లా పౌర సరఫరాల అధికారికీ తెలిపి, అధికారం ఉన్నవాళ్ల చేత శాంపిల్ తీయించండి.

బీఎస్-6 పెద్ద లారీల వాళ్లకు ఇంకో మాట. పొగ శుద్ధికి వాడే డీఈఎఫ్ ద్రవంలో 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీరు. చేలో వేసే యూరియాను నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందని కొందరంటారు. దానికి ఉన్న వేప నూనె పూత పొగగొట్టంలోని ఖరీదైన ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. ఎరువును నేల సారానికి కాక వేరే పనికి వాడటం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 ప్రకారం నేరం కూడా.

మీ మేనల్లుడికి

అతను ముందుగా ఆ పరికరం వీడియో ఎక్కడా పెట్టకూడదు, ఎవరికీ అమ్మకూడదు. దరఖాస్తుకు ముందే బయటపడితే కొత్తదనం పోయినట్టే. రెండోది, డీజిల్ ఫిల్టరులో నీళ్లు చేరితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగే సెన్సర్లు ఇప్పటికే చాలా బండ్లలో ఉన్నాయి. కాబట్టి ‘నీళ్లు పట్టే పరికరం’ అంటే పేటెంట్ రాదు. అతనిది ట్యాంకులోనే పట్టేస్తుందా, కల్తీని కూడా గుర్తిస్తుందా, తీగె అమరికలో ఏదైనా మార్పుందా? ఆ కొత్త భాగం ఏదో అదే అతని ఆస్తి. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో పాత దరఖాస్తులు చదివి పోల్చుకోవాలి.

ఇంకా మెరుగులు దిద్దాల్సి ఉంటే తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి తేదీ సంపాదించుకోవచ్చు. పూర్తి వివరణ 12 నెలల్లో ఇవ్వాలి. వ్యక్తిగతంగా ఆన్‌లైన్‌లో వేసేవారికి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్షకు విడిగా కట్టాలి. ధర్మపురి చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకే వస్తుంది. ఆ వివరణ చదివి తెలిసినవాడు పరికరాన్ని మళ్లీ తయారుచేయగలిగేలా రాయాలని పేటెంట్ల చట్టం సెక్షన్ 10 అడుగుతుంది. ‘రహస్య ఫార్ములా’ అని దాచుకుంటూ పేటెంట్ అడగడం కుదరదు. డబ్బు ఇబ్బంది ఉంటే గుజరాత్‌లోని జాతీయ ఆవిష్కరణల సంస్థకు రాయమనండి. పెద్ద చదువు లేని గ్రామీణ ఆవిష్కర్తలకు పేటెంట్ దాకా తోడుండటం దాని పని. చీరల నేతలో వాడే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి అండగా నిలిచింది ఆ సంస్థే.

పరికరం లైటు వెలిగించి హెచ్చరించడంతో ఆగితే సరే. బంకులోనో వ్యాపారంలోనో ఇంధనాన్ని కొలిచి అంకె చూపి, ఆ అంకె మీద డబ్బు చేతులు మారేట్టయితే, తూనికలు కొలతల చట్టం 2009 కింద నమూనాకు ఆమోదం, తయారీకి లైసెన్సు తీసుకోవాలి. ఇంధనంలో ఏదైనా కలిపి అమ్మే ఆలోచన మాత్రం మానుకోమనండి. కల్తీ నిత్యావసర సరుకుల చట్టం కిందకు వస్తుంది, శిక్ష ఏడేళ్ల దాకా ఉండొచ్చు.

అమ్మకం మొదలుపెట్టాక ఎంత నీరు చేరితే లైటు వెలుగుతుందో, ఏ పరీక్షలో అది తేలిందో బాటిల్ కంపెనీ వాళ్లలా దాచకుండా లేబుల్ మీదే రాయమనండి. మీ కేసు విషయంలో జిల్లా న్యాయ సేవల అధికార సంస్థ ఉచిత సలహా కోసం 15100కు ఫోను చేయవచ్చు. రెండేళ్ల గడువు బాటిల్ కొన్నాక వివాదం తలెత్తిన రోజు నుంచే నడుస్తుంది. అందుకే నోటీసు ఈ వారంలోనే పంపండి.