విందులో కోసంబరి, కచుంబర్

విందు అనగానే మన సీమలో మాంసము, నెయ్యి, నూనెలో వేగిన పిండివంటలు స్ఫురించును. పచ్చి కూరగాయలు తరిగి ముందుంచినచో "ఏమియు లేక పెట్టినారు" అనుకొందురేమోనని గృహస్థు జంకును. ఆ జంకువలననే కరవు సంవత్సరమున సైతము అప్పుచేసి విందుపెట్టువారు కలరు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురం జిల్లాలో, గుమ్మఘట్ట వంటి మెట్టప్రాంతమున, ఈ అలవాటును ఒకమారు పరిశీలింపవలెనని మేము తలంతుము. వేదవతిపై భైరవానితిప్ప జలాశయము ఈ మండలముననే ఉన్నను, అది ఏటేటా నిండునది కాదు. ఎండలో బస్సు దిగి వచ్చిన చుట్టమునకు మొదట కావలసినది చల్లదనము. కీరదోసలో నూటికి 95 పాళ్ళు నీరే.

పచ్చికూరలు పెట్టుట మనకు కొత్త కాదు. శ్రీరామనవమికి పానకముతో పంచు వడపప్పునకు కీరదోస, కొబ్బరి చేర్చినచో అదే కోసంబరి. కన్నడసీమ పొరుగుననే ఉండుటచే ఆ పేరు ఇచ్చట పరిచితమే. మా ముస్లిముల ఇండ్లలో బిర్యానీ ప్రక్కన పెరుగుచట్నీయో, కచుంబరో లేనిదే విస్తరి నిండదు. ఉర్దూ చదువు విద్యార్థులకు 'కచూమర్ నికాల్నా' అను నుడికారము తెలియును గదా. ముక్కలు ముక్కలు చేయుటయే దాని భావము. అయితే కచుంబరులోని టమోటా, మిరప అమెరికా ఖండములవి. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తరువాతి కాలముననే అవి మన వంటింట అడుగిడినవి. కీరదోస మాత్రము మన దేశపుదే.

పదిమందికి కోసంబరి చేయుటకు పావుకిలో పెసరపప్పును గంటసేపు నానవేయవలెను. గోటితో నొక్కిన విరుగవలెను, మెత్తబడరాదు. నీటిని పూర్తిగా వడకట్టి, రెండు కీరదోసల సన్నని ముక్కలు, ఒక చిప్ప కొబ్బరితురుము, కొత్తిమీర కలిపి, ఆవాలు, పచ్చిమిర్చి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెట్టవలెను. తరుగుటకు ముందు ప్రతి కాయను కొన కోసి రుచిచూడుడు. ఒక్క చేదుకాయ పాత్రనంతటినీ పాడుచేయును. ఉప్పు, నిమ్మరసము మాత్రము వడ్డించు క్షణముననే కలుపవలెను. ముందుగా ఉప్పు తగిలినచో ముక్కలలోని నీరు వెలికివచ్చి అంతయు పులుసగును. వృక్షశాస్త్ర విద్యార్థులు పాఠములో చదివిన ద్రవాభిసరణము ఇదియే. నిమ్మరసము రుచికే కాదు, అందలి సి విటమిను పప్పులోని ఇనుమును దేహము గ్రహించుటకు తోడ్పడును.

కచుంబరునకు ఉల్లి, టమోటా, కీరదోస చాలును. పాశ్చాత్యులు సలాడుపై ఆలివు నూనె పోయుదురు. మన జిల్లాలో దానికై వెదకనేల? వేయించి కచ్చాపచ్చాగా దంచిన శెనక్కాయ గింజలు చల్లినచో కమ్మదనము, మాంసకృత్తులు రెండును చేకూరును. సొరకాయను ఉడికించి పెరుగులో కలిపిన పచ్చడియు ఈ కోవలోనిదే. పండ్లులేని వృద్ధులకు అదియే మేలు.

ఇక శుభ్రత. పచ్చిగా తినువాటిని మంచినీటితోనే కడుగవలెను. చెరువునీరు, తొట్టినీరు పనికిరావు. నీరు కొరతగానున్నచో కాచి చల్లార్చిన నీటిని రెండు గిన్నెలలో ఉంచి, మట్టి మొదటిదానిలో వదలించి, రెండవదానిలో జాడించిన సరిపోవును. తరిగిన పిమ్మట కడిగిన సి విటమిను నీటిపాలగును గావున కాయను నిండుగానే కడుగుడు. ఆ కడుగునీటిని పారబోయక పెరటిలోని కరివేపచెట్టు మొదట పోయవచ్చును.