మోటారు కారులో దారి తప్పిన విద్యుత్తు

సత్తుపల్లినుండి మన పెనుబల్లి మీదుగా ఖమ్మము పోవు బాటపై ఒకప్పుడు అంబాసిడరు కార్లు విరివిగా తిరుగుచుండెడివి. బెంగాలులోని ఉత్తరపాడ కర్మాగారమున వాని నిర్మాణము 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. కావున నేడు మిగిలియున్న వానిలో మిక్కిలి క్రొత్తదియు పదేండ్లు దాటినదే. అట్టి ముసలి కారొకటి మా యింట గలదు. ఇనుము అరిగిన యెడల కంటికి కనబడును, చెవికి వినబడును. తీగలలోని దోషమట్లు కాదు. అది యొకచోట పుట్టి వేరొకచోట బయటపడును.

గడచిన వానకాలమున మా కారునకు మూడు వింత రోగములు తగిలెను. తాళపుచెవి త్రిప్పగా ఇంజను ఒక్క మూలుగు మూలిగి యూరకుండెడిది. ఆ సమయమున చోకు తీగ పిడిని ముట్టినచో చేయి చురుక్కుమనెడిది. మూడవది మరింత విడ్డూరము. దీపముల మీటలన్నియు కట్టివేసి యుండగా, బ్రేకు తొక్కిన తోడనే డ్రైవరు ముందరి పలకలోని చిన్న దీపములు మసకగా వెలిగెడివి! పిల్లలు కారునకు దయ్యము పట్టినదనిరి. పెద్దలొకరు చక్రము క్రింద నిమ్మకాయ పెట్టించిరి. కాయ నలిగెనే గాని రోగము కుదురలేదు.

ఒక మెకానిక్కు సన్నదీపముతో పరీక్షించి, తీగలన్నియు బాగున్నవి, బ్యాటరీ చచ్చినదనెను. క్రొత్తది కొంటిమి. పది దినములు నడచి మరల మొదటికి వచ్చెను. వేరొకడు స్టార్టరు మార్చుమనెను, అదియు మార్చితిమి. ఇంతలో ఒకనాటి రాత్రి మా తల్లిగారికి ఆయాసము హెచ్చగా ఖమ్మమునకు బయలుదేరితిమి. కల్లూరు దాటిన పిదప ఆమెకు వాంతి కాగా కారాపితిమి. మరల నది కదలలేదు. త్రోసి చూచితిమి గాని బురదలో కాళ్లు జారుటయే మిగిలెను. వానలో చాలసేపు నిలిచిన పిదప ధాన్యపు లారీ యొకటి ఆగి ఆమెను చేర్చుకొనెను. ఆమె కోలుకొనిరి. ఇకమీదట కొలిచి చూడక యొక్క సామానును కొనరాదని నేనా రాత్రి నిశ్చయించుకొంటిని.

ఇంటి దీపమునకు రెండు తీగలుండును. కారులో పెక్కు దీపములకు తీగ యొక్కటే. రెండవ దారి కారు ఇనుప దేహమే. మా కారులో బ్యాటరీ ధనధ్రువమునుండి బయలుదేరిన ప్రవాహము దీపమును వెలిగించి, ఆ ఇనుముగుండ ఋణధ్రువమునకు తిరిగివచ్చును. ఈ మరలివచ్చు దారిని మెకానిక్కులు ఎర్తు అందురు. భూమితో దీనికి సంబంధమేమియు లేదు. పేరు చూచి మోసపోవలదు. ఇంజను రబ్బరు దిండ్లపై నిలిచియుండును గనుక దానిని దేహముతో కలుపుటకు రాగి యల్లిక పట్టీ యొకటి అమర్చబడియుండును. స్టార్టరునకు వలయు నూరు ఆంపియర్లకు పైబడిన ప్రవాహము ఆ పట్టీ మీదుగనే మరలవలెను. అది చెడినచో ప్రవాహము వేరు దారి వెదకుకొనును. ఇంజనునుండి ముందరి పలకకు పోవు లోహపు చోకు తీగ దానికి దొరకును. అంత ప్రవాహమును మోయలేక ఆ తీగ కాగిపోవును. మా చేతులు కాలుటకు కారణమిదియే.

మరి మెకానిక్కు దీపమేల వెలిగినది? ఓము 1827లో ప్రకటించిన సూత్రముతో లెక్క కట్టుడు. పట్టీ నిరోధము 0.04 ఓము అనుకొందము. 12 వోల్టుల, 5 వాట్ల దీపము అర ఆంపియరునకు తక్కువ ప్రవాహమునే కోరును. పట్టీలో పోవునది 0.02 వోల్టునకు లోపే. కనుక దీపము చక్కగా వెలుగును. నూరు ఆంపియర్లు పారినప్పుడు ఆ పట్టీలోనే 4 వోల్టులు హరించిపోవును! బరువు మోపక చేసిన పరీక్ష పరీక్షయే కాదు.

మరునాడు పాఠశాల ప్రయోగశాలనుండి మల్టీమీటరు తెచ్చితిని. ఒక సూదిని బ్యాటరీ ఋణధ్రువముపైనను, రెండవదానిని ఇంజను నగ్నలోహముపైనను ఆనించి, మా కుమారుని తాళపుచెవి త్రిప్పుమంటిని. అర వోల్టునకు మించకుండవలసినచోట ముల్లు 4 వోల్టుల దరికి పోయెను. అదే సమయమున బ్యాటరీ రెండు ధ్రువముల నడుమ 11 వోల్టులకు తగ్గలేదు. అనగా బ్యాటరీ ఇచ్చుచునే యున్నది. దారిలో దోపిడి జరుగుచున్నది. కారు క్రింద దూరి చూడగా పట్టీ చిలుము పట్టి, పోగులు చాలవరకు తెగియుండెను. ముందుగా బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పితిని. ఈ పని మరువరాదు. రెంచి రెండు ధ్రువములకు ఒక్కసారి తగిలినచో నిప్పులు చెరుగును. పిదప తుప్పును ఉప్పుకాగితముతో గీకి క్రొత్త పట్టీ బిగించితిని. దాని వెల మేము వ్యర్థముగ కొన్న బ్యాటరీ వెల ముందు లెక్కకు రానిది. ముల్లు 0.2 వోల్టు చూపెను.

ఇక దయ్యపు దీపము. వెనుక దీపపు బుడ్డిలో రెండు తంతువులుండును: బ్రేకునకు 21 వాట్లది, రాత్రి గురుతునకు 5 వాట్లది. రెంటికిని మరలుదారి బుడ్డి యడుగు లోహమే. ఆ యడుగు తుప్పుపట్టగా, బ్రేకు ప్రవాహము రెండవ తంతువుగుండ వెనుదిరిగి, ముందరి పలక దీపములకు పోవు తీగలో ప్రవేశించెను. బుడ్డి గూడును గీకిన క్షణముననే దయ్యము వదలెను.

ఎలుకలు కొరికిన తీగలవలనను ఇట్టి చిక్కులు కలుగును. ఆ దోషమును వెదకుట వేరు పాఠము.

చచ్చినదని తీసివేయబడిన పాత బ్యాటరీని నింపి మా ప్రయోగశాలలో నుంచితిని. పదవ తరగతివారు దానిని కొలువగా 12.5 వోల్టులు చూపినది. వారి ప్రయోగములు ఇప్పుడు దానితోనే జరుగుచున్నవి.